ఒత్తుకు చోటు

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో బీఎఫ్ఏ అప్లైడ్ ఆర్ట్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మాది జనగామ జిల్లాలో ఒక చిన్న ఊరు. నాన్న అక్కడ ఇరవై ఏళ్లుగా డీటీపీ సెంటర్ నడుపుతున్నారు. పేజ్‌మేకర్‌లో అనూ ఫాంట్లతో శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు చేస్తారు. ‘నాలుగేళ్లు చదివేదంతా మన షాపులో ఆరు నెలల్లో వచ్చేసేది’ అని అప్పుడప్పుడు నవ్వుతూ అంటారు. ఈ మధ్య ఆ మాట నాకూ నిజమే అనిపిస్తోంది. టైపోగ్రఫీ (అక్షరాల కూర్పు) క్లాసులో నేను చేసిన తెలుగు పోస్టర్‌ను మా సార్ ‘ఒత్తులకు చోటేది?’ అని ఒక్క మాట రాసి తిప్పి ఇచ్చేశారు. తోటివాళ్లు బిహాన్స్ వెబ్‌సైట్‌లో పెట్టే పనులు చూస్తే నాకు ఏమీ రాదనిపిస్తుంది. ఇప్పుడు జ్యూరీకి (మా పనులు పరిశీలించే బృందానికి) ‘నా ఎదుగుదల’ అని రెండు పేజీలు రాయమన్నారు. ఏం రాయాలో తెలియడం లేదు. టైపోగ్రఫీ వదిలేసి యూఎక్స్ (యాప్‌లు, వెబ్‌సైట్ల డిజైన్) వైపు వెళ్లిపోతే మంచిదా? ఇంకో చిన్న సందేహం: ఆ రెండు పేజీలు తెలుగులో ఇవ్వవచ్చన్నారు. ఏ ఫాంటులో ఇస్తే బాగుంటుంది?

— ఒక విద్యార్థిని

సమాధానం:

మీ ఉత్తరంలో నేను ఎక్కువసేపు ఆగింది ‘ఒత్తులకు చోటేది?’ అన్న మాట దగ్గర. మీరు దాన్ని అవమానంగా తీసుకున్నారు. నాకు మాత్రం మీ ఎదుగుదల ఎక్కడిదాకా వచ్చిందో ఆ రెండు పదాల్లోనే కనిపించింది. మొదటి సంవత్సరంలో మీ పని చూసిన ఏ అధ్యాపకుడూ ఆ మాట రాసి ఉండడు, ఎందుకంటే అప్పటికి దిద్దవలసినవి వేరే ఉంటాయి. ఒత్తుల దాకా దిద్దుబాటు వచ్చిందంటే, దానికి ముందు దిద్దవలసినవి చాలావరకు మీ పనిలో కనిపించడం మానేశాయని అర్థం.

అందుకే మొదట ఒక పని చేయండి. మొదటి సెమిస్టర్ నుంచి ఇప్పటిదాకా మీ షీట్ల మీద, ప్రింట్ల మీద, జ్యూరీలో నోటిమాటగా వచ్చిన దిద్దుబాట్లన్నీ గుర్తున్నంతవరకు ఒక నోటుపుస్తకంలో వరసగా రాయండి. మెచ్చుకోళ్లు రాయవద్దు, దిద్దుబాట్లు మాత్రమే రాయండి. నేను కొన్నాళ్లు పాఠం చెప్పినప్పుడు విద్యార్థుల చేత ఈ పని చేయించేవాణ్ని. దాదాపు అందరి జాబితాల్లోనూ ఒకే కదలిక కనిపించేది. మొదట్లో వచ్చేవి చేతికి సంబంధించిన తప్పులు: అంచు తిన్నగా కోయలేదు, పోస్టర్ కలర్ పూత సమంగా లేదు, కొలత రెండు మిల్లీమీటర్లు తప్పింది. తరువాత వచ్చేవి కంటికి సంబంధించినవి: నాలుగు వైపులా మార్జిన్ ఒకేలా ఎందుకుంది, ఒకే కాగితం మీద మూడు ఫాంట్లెందుకు, శీర్షికకూ విషయానికీ తేడా చాలలేదు. ఆ తరువాతవి చదివే మనిషికి సంబంధించినవి: ఇది ఎవరు చదువుతారు, ఎంత దూరం నుంచి చదువుతారు, వాళ్లకు ముందుగా తెలియవలసింది ఏది. తప్పుల లెక్క తగ్గిందా పెరిగిందా అని చూడకండి, అది పెద్దగా తగ్గదు. తప్పుల జాతి మారిందా లేదా అన్నది చూడండి. ఆ మార్పు కనబడితే మీ వ్యాసానికి సగం సరుకు దొరికినట్టే.

ఇక ఒత్తుల సంగతి. దీని దగ్గర కొంచెం నిదానంగా ఆగుదాం, ఎందుకంటే మీ కోర్సులో ఇంగ్లీషు పుస్తకాల నుంచి నేర్చుకున్న సూత్రాలకూ మన లిపికీ మధ్య పేచీ అంతా ఇక్కడే ఉంది. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరాన్ని 200 పాయింట్ల సైజులో తెర మీద పెట్టి చూడండి. నడుమ స ఉంటుంది, దాని నెత్తిన గుడిదీర్ఘం, కింద త ఒత్తు, ఆ ఒత్తును ఆనుకుని క్రారవడి. రోమన్ లిపిలో కొన్ని అక్షరాలకు మాత్రమే పైకో కిందికో కాడలు ఉంటాయి; మిగతా పాఠమంతా ఒక పట్టీలో సాగిపోతుంది. మన వరుస అలా కాదు, అది మేడ మీద మేడ. పేజీలు కూర్చే ‘ఇన్‌డిజైన్’ సాఫ్ట్‌వేర్‌లో లీడింగ్‌ను, అంటే వరుసల మధ్య దూరాన్ని, ఆటోకు వదిలేస్తే అది అక్షరం సైజుకు 120 శాతం తీసుకుంటుంది, అంటే 12 పాయింట్ల అక్షరానికి వరుసకూ వరుసకూ మధ్య 14.4 పాయింట్లు. ఆ లెక్క మన లిపిని చూసి వేసింది కాదు. తెలుగు పాఠానికి నేను 12 మీద 18 దగ్గర మొదలుపెట్టి, ఫాంటును బట్టి పైకో కిందికో జరుపుకుంటాను.

పుస్తకాల్లో ఇంకో సూత్రం ఉంటుంది, వరుసకు 45 నుంచి 75 క్యారెక్టర్లు ఉంటే చదవడానికి హాయిగా ఉంటుందని. తెలుగులో క్యారెక్టర్ అంటే ఏమిటి? ఇందాకటి ‘స్త్రీ’ కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూనికోడ్ పద్ధతిలో అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం ఆరు. కంప్యూటర్ చూపించే లెక్క నమ్ముకుని వరుస పొడవు నిర్ణయిస్తే ఏదో ఒకటి వస్తుంది గానీ మీరు కోరుకున్నది రాదు. దానికి బదులు ఒక పేరా అచ్చు తీసి, పైకి చదువుతూ, వరుస చివరి నుంచి తరువాతి వరుస మొదలుకు కన్ను తడబడకుండా చేరుతోందో లేదో చూసుకోవడం మేలు. ఇంకా ఉంది. మనకు పెద్దబడి, చిన్నబడి (క్యాపిటల్, స్మాల్) అక్షరాలు లేవు. అక్షరాన్ని పక్కకు వాల్చే ఇటాలిక్ సంప్రదాయం మన అచ్చులో పుట్టింది కాదు. సాఫ్ట్‌వేర్ చేత వాలిస్తే తలకట్లు గాలికి ఒరిగిన గొడుగుల్లా కనిపిస్తాయి. అంటే రోమన్ లిపి వాడేవాళ్లు సులువుగా అందుకునే రెండు పనిముట్లు మన చేతిలో లేవన్నమాట. ముఖ్యమైనదాన్ని ముఖ్యంగా చూపడానికి మనకు మిగిలినవి సైజు, మందం, చోటు, ఖాళీ. మీ సార్ అడిగింది ఆ చివరిదాని గురించే.

ఆయన ప్రశ్న నాకు ఇంత బాగా అర్థం కావడానికి కారణం, అదే ప్రశ్న నన్ను ఇంకో మనిషి ఇంతకంటే ఆలస్యంగా అడిగాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో 96 పేజీల ప్రవచనాల పుస్తకం ఒకటి నా చేతికి వచ్చింది. అప్పటికి నాకు గ్రిడ్ తెలుసు, మార్జిన్లు తెలుసు, గోల్డెన్ సెక్షన్ గురించి గంటసేపు మాట్లాడగలను. లీడింగ్ మాత్రం ఆటోలో వదిలేశాను. తెర మీద పేజీ మొత్తం చూసుకుంటే నిండుగా, బూడిదరంగు పట్టు గుడ్డలా కనిపించి మురిసిపోయాను. వెయ్యి కాపీలు అచ్చయ్యాక, ఫారాలు మడత పెడుతున్న బైండింగ్ పెద్దాయన ఒక కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ‘బాబూ, ఈ వరుస గుడులన్నీ పై వరుస కాళ్లకు తగులుతున్నాయి’ అన్నాడు. చూద్దును కదా, ‘శాస్త్రం’ కింద వేలాడే ఒత్తులు కింది వరుసలోని ‘కీర్తి’ నెత్తి మీద కూర్చుని ఉన్నాయి. అలాంటివి పేజీకి నాలుగైదు. నేను తెర మీద పేజీని చూశాను. ఆయన వరుసను చూశాడు. ఆ పుస్తకం ఒక కాపీ ఇప్పటికీ నా బల్ల మీదే ఉంటుంది. మీ పోస్టర్ వెయ్యి కాపీలు కాకముందే మిమ్మల్ని ఆ ప్రశ్న అడిగేవారు దొరికారు, సంతోషించండి.

మీ నాన్నగారి మాట దగ్గరికి వద్దాం. ‘ఆరు నెలల్లో వచ్చేసేది’ అన్న మాటలో సగం పూర్తిగా నిజం. టైపింగ్ వేగం, ఏ కాగితం ఏ ఇంకును ఎంత పీలుస్తుందో తెలియడం, పని ఇచ్చిన పార్టీ ఎదురుగా కుర్చీలో కూర్చుని తొందరపెడుతున్నా చేయి వణకకుండా పని పూర్తిచేయడం, ఇవన్నీ షాపులోనే వస్తాయి, కాలేజీలో రావు. అన్నిటికంటే ముఖ్యంగా ప్రూఫు దిద్దడం అక్కడే వస్తుంది. డిజైన్ డిగ్రీ చేతిలో ఉండి తెలుగులో నాలుగు వరుసల ప్రూఫు దిద్దలేనివాళ్లను నేను చాలామందిని చూశాను. ఆ విషయంలో మన కోర్సులు సిగ్గుపడాలి. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటను ఊరికే కొడితే ఫ కింద ట ఒత్తుతో పాటు వ ఒత్తు కూడా చేరి ‘సాఫ్ట్వేర్’ అయిపోతుంది. జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తు ఒకటి నడుమ పెడితేనే అది విడిపోయి మనం పలికినట్టు కనిపిస్తుంది. ఈ సంగతి తెలియక ఆ ఒత్తుతోనే అచ్చయిపోయిన పెద్ద పెద్ద హోర్డింగులు రోడ్డు పక్కన కనిపిస్తూనే ఉంటాయి.

మీ నాన్నగారు వాడే పాత ఫాంట్లలో అక్షరం ముక్కలు ముక్కలుగా ఉంటుంది. తలకట్టు ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. అక్షరాల మధ్య ఎడం పెంచితే ఒత్తు కూడా తన తల్లిని వదిలేసి పక్కకు జరిగిపోతుంది. ఆ తిప్పలు పడుతూ ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషికి ఏ ఒత్తు ఏ అక్షరం కింద ఎక్కడ కూర్చోవాలో మీ అధ్యాపకుల కంటే బాగా తెలిసి ఉండవచ్చు. సీసం అక్షరాల కాలంలో కంపోజిటర్లు వందల గళ్ల పెట్టెల నుంచి ఒక్కో ముక్క ఏరి పేర్చినప్పుడు పడిన తిప్పలకు ఇది కొనసాగింపే. 1746–47 ప్రాంతంలో జర్మనీలోని హాలే పట్టణంలో బెంజమిన్ షుల్జ్ తొలి తెలుగు పుస్తకాలు అచ్చు వేయించిన నాటి నుంచీ, మన లిపిని అచ్చుకు ఒదిగించడమంటే ఒత్తులకు చోటు వెతకడమే.

మరి మిగతా సగం? ఒక ఆదివారం షాపులో కూర్చుని, నాన్నగారు ఒక శుభలేఖను మొదటి నుంచి చివరి దాకా కంపోజ్ చేస్తుంటే పక్కన ఉండి చూడండి. ఆయన ఎక్కడ వరుస విరిచారు, ఏ పేరును పెద్దది చేశారు, ఎక్కడ ఒక వరుస వదిలేశారు, రాసుకోండి. ప్రతిదానికీ ‘ఎందుకు?’ అని అడగండి. చాలాచోట్ల ‘అలా పెడితేనే బాగుంటుంది’ అంటారు. ఆ జవాబు తప్పు కాదు, ఆయన చెయ్యి చెబుతున్న నిజం అది. అయితే ఆ చెయ్యికి శుభలేఖ తెలుసు. రేపు ఎవరైనా వచ్చి, ఆస్పత్రిలో మందులు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో చెప్పే తెలుగు బోర్డు కావాలంటే ఆ ‘బాగుంటుంది’ అంతగా పనికిరాదు. శుభలేఖలో అది ఎందుకు బాగుందో మాటల్లో చెప్పగలిగితే, ఆ కారణాన్ని మందుల బోర్డుకూ తీసుకుపోవచ్చు. మీ కోర్సు మీకు ఇస్తున్నది ఆ ‘ఎందుకు’ మాత్రమే. అది తక్కువదేమీ కాదు గానీ, చెయ్యి లేకుండా దానికి విలువ లేదు. మీ ఇంట్లో రెండూ ఉన్నాయి.

శుభలేఖ అన్నాను కాబట్టి మీకు ఒక అభ్యాసం చెబుతాను. దీన్ని చిన్నచూపు చూడవద్దు. తెలుగు టైపోగ్రఫీలో ఇంతకంటే చిక్కైన కాగితం ఇంకొకటి నాకు తట్టడం లేదు. పైన ‘శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు’ ఉంటుంది. తరువాత తాతల పేర్లు, పిలిచే తల్లిదండ్రుల పేర్లు, చి.ల.సౌ. ఒకవైపు, చి. ఇంకోవైపు, వాళ్ల చదువులు, సుముహూర్తం, వేదిక, విందు, చివర బంధుమిత్రుల అభినందనలు. చదివే మనిషికి అర్జెంటుగా కావలసినవి మూడు: ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ. క్లాసులో నేర్చుకున్న ప్రకారం ఆ మూడింటినీ పెద్దవి చేసేయాలి. చేసి చూడండి, తాతగారి పేరు ఫంక్షన్ హాల్ పేరు కంటే చిన్నదైపోయిందని ఇంట్లో గొడవ మొదలవుతుంది. ఎవరి పేరు ఎవరి పేరు కంటే చిన్నది కాకూడదో ఆ కాగితం మీద ముందే నిర్ణయమై ఉంటుంది. అంటే సైజు అనే పనిముట్టును మర్యాద మీ చేతిలోంచి లాగేసుకుంది. ఇప్పుడు చోటుతో, ఖాళీతో, మందంతో ఆ మూడు సంగతులనూ కంటికి ముందు తగిలేలా చేయగలరా?

అందులోనూ ముహూర్తం రాత్రి 2.30 గంటలకు అయితే ఇంకో తిరకాసు ఉంది. ‘శుక్రవారం రాత్రి తెల్లవారితే శనివారం’ అని ఒక వరుస పడుతుంది. ఆ వరుసను మధ్యలో విరిస్తే సగం మంది శనివారం రాత్రికి బయలుదేరుతారు. ‘శుక్రవారం రాత్రి’ అన్న మాటలు ఒక వరుస చివర, ‘తెల్లవారితే శనివారం’ అన్నవి తరువాతి వరుస మొదట వచ్చాయనుకోండి, తొందరలో చూసే కన్నుకు వరుస మొదట ఉన్న శనివారమే పడుతుంది. వరుస ఎక్కడ విరగాలన్నది అందచందాల ప్రశ్న కాదని మీకు ఏ పాఠ్యపుస్తకమూ ఇంత బాగా చెప్పదు.

నాన్నగారి షాపులోని పాత శుభలేఖ పాఠం ఒకటి తీసుకోండి. పేర్లు మార్చేయండి. నలుపు ఒక్కటే, ఫాంటు ఒక్కటే, సైజులు రెండే, బొమ్మ లేదు, బోర్డర్ లేదు, వినాయకుడు కూడా లేడు. ఇప్పుడు ఒకసారి చేయండి, ఫైలు మూసేయండి. తరువాతి సెమిస్టర్‌లో పాత ఫైలు తెరవకుండా అదే పాఠంతో మళ్లీ మొదటి నుంచి చేయండి. ఆపై సెమిస్టర్‌లో ఇంకోసారి. మూడూ పక్కపక్కన గోడకు పెట్టినప్పుడు మీ ఎదుగుదల గురించి మీకు నేనూ చెప్పనక్కరలేదు, మీ సార్ కూడా చెప్పనక్కరలేదు. వేరే వేరే పనులను పోల్చి ఎదుగుదల చూడబోతే, ఒకదానికి విషయం మంచిది దొరికింది, ఇంకోదానికి టైం చాలలేదు అని సాకులు దొరుకుతాయి. పాఠం ఒక్కటే అయినప్పుడు మారింది మీరు మాత్రమే.

ఈ అభ్యాసంలో ఒక్క జాగ్రత్త. శుభలేఖ అనగానే చెయ్యి బాపు రాత వైపు వెళుతుంది. బాపు (1933–2014) అక్షరాన్ని కాదనే తెలుగువాడు ఎవరుంటారు గానీ, ఆ అందం కుంచె వేగంలో ఉంది, చేతి మలుపులో ఉంది. దాన్ని ఫాంటుగా మార్చి ‘అమ్మమ్మ’ అని కొట్టి చూడండి. రెండు ‘మ్మ’లూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటాయి. చేత్తో రాసినవాడు రెండో ‘మ్మ’ను కొంచెం మార్చకుండా ఉండలేడు. చేతిరాత ఫాంటు బండారం జంట అక్షరాల దగ్గర బయటపడుతుంది. కాబట్టి ఆ ధోరణి కావాలనుకుంటే కుంచె పట్టి రాయండి, లేదా దాని జోలికి పోకండి.

బిహాన్స్ గురించి ఎక్కువ చెప్పను. అక్కడ మిమ్మల్ని భయపెడుతున్నది చాలాసార్లు డిజైన్ కాదు, దాని కింద పెట్టిన కాఫీ కప్పు, కిటికీలోంచి పడినట్టు చేసిన వెలుతురు. మీ తోటివాళ్ల పనిని గానీ మీ పనిని గానీ అసలు సైజులో, నలుపు తెలుపులో, పక్క జిరాక్స్ షాపులో ఒక ప్రింట్ తీసి, గోడకు అంటించి ఆరడుగుల దూరం నుంచి చూడండి. ఆ తరువాత కూడా నిలిచిన పనులను చూసి మాత్రమే అసూయపడండి, ఆ అసూయ పనికొస్తుంది.

యూఎక్స్ వైపు మారిపోవాలా అంటారా? ఇష్టంతో వెళ్లేటట్టయితే వెళ్లండి. టైపోగ్రఫీ రాదన్న భయంతో అయితే వెళ్లకండి, ఎందుకంటే అక్కడా మీకు ఎదురయ్యేది ఇదే. ఫోన్ తెర మీద కనిపించేదాంట్లో ఎక్కువ భాగం అక్షరాలే. ఏదైనా యాప్‌ను తెలుగులోకి మార్చి బటన్లు చూడండి. ఇంగ్లీషు మాటకు సరిపోయేలా ఎత్తు నిర్ణయించిన బటన్‌లో తెలుగు మాట పెడితే కింద ఒత్తు తెగుతుంది, లేదా మాట పొడవెక్కి చివర మూడు చుక్కలు పడతాయి. ‘పాస్‌వర్డ్ మర్చిపోయారా?’ అన్నది చాలాచోట్ల ‘పాస్‌వర్డ్ మర్చి...’ దగ్గర ఆగిపోతుంది. ఆ పనిచేసేవాళ్ల బృందంలో ఒత్తుకు చోటు అడిగే మనిషి ఒక్కరైనా ఉంటే ఇలా జరగదు. అచ్చమైన అక్షరాల పనిలోనూ దారులు లేకపోలేదు. బాలూ తమ్ముడు, అనెక్ తెలుగు వంటి ఫాంట్లు ఏక్ టైప్ అనే ఫాంట్ల సంస్థ నుంచి వచ్చాయి. మన ప్రాచీన సాహిత్యాన్ని ఇంగ్లీషు అనువాదంతో కలిపి వేసే మూర్తి క్లాసికల్ లైబ్రరీ ద్విభాషా పుస్తకాల కోసం ఫియోనా రాస్, జాన్ హడ్సన్ ప్రత్యేకంగా తెలుగు అక్షరాలు రూపొందించారు. తెలుగు మాతృభాష కాని వాళ్లు మన ‘ళ’ వంపు గురించి నెలల తరబడి తలలు బద్దలు కొట్టుకుంటుంటే, ఆ ‘ళ’ను చిన్నప్పటి నుంచి పలక మీద దిద్దిన మీరు వదిలేసి పోతానంటే నాకు కొంచెం కష్టంగానే ఉంటుంది.

ఇక రెండు పేజీల వ్యాసం. ఇలాంటి వ్యాసాలు నేను చాలా చదివాను. ‘ఈ కోర్సు నా సృజనాత్మకతను వెలికితీసింది, నా దృక్పథాన్ని విస్తృతం చేసింది’ అన్న వాక్యం లేని వ్యాసం దొరకడం అరుదు. ఆ వాక్యం ఎవరు ఏ కోర్సు గురించి రాసినా సరిపోతుంది, కాబట్టి జ్యూరీలో కూర్చున్నవాళ్లకు దాని వల్ల ఏమీ తెలియదు. మీరు ఒక్క పని గురించే రాయండి, తిప్పి ఇచ్చేసిన ఆ పోస్టర్ గురించి. దాని మొదటి రూపం, సార్ మాట తరువాత మీరు మార్చిన రూపం, వీలైతే ఈ వారమే మూడోసారి చేసిన రూపం. ఒక్కోదాన్ని అరచేయంత సైజులో పేజీ మీద పెట్టండి. వాటి కింద ఏం మార్చారో, ఎందుకు మార్చారో, మార్చాక ఏది చెడిందో రాయండి. చివరిదాన్ని చాలామంది దాచిపెడతారు. వరుసల మధ్య ఎడం పెంచితే పోస్టర్‌లో చోటు చాలక శీర్షిక చిన్నదై ఉంటుంది. దానికి మీరు ఏం చేశారు? పాఠం తగ్గించారా, కాగితాన్ని నిలువు నుంచి అడ్డానికి తిప్పారా, శీర్షికను రెండు వరుసలు చేశారా? ఒకటి బాగుచేయబోతే ఇంకొకటి చెడిందని, అప్పుడు దేన్ని నిలబెట్టి దేన్ని వదులుకున్నారో రాస్తే, అది విద్యార్థి రాసిన వ్యాసంలా కాక పనిచేసేవాళ్ల మాటలా వినిపిస్తుంది.

మీ నాన్నగారి మాట కూడా అందులో ఒక పేరా రాయండి. ఇంటి సంగతి జ్యూరీకి ఎందుకని వెనుకాడకండి. అక్షరంతో మీ పరిచయం కాలేజీలో మొదలు కాలేదు. ఆ సంగతి దాచిపెట్టి ఎదుగుదల గురించి రాస్తే లెక్క మొదటి అంకె లేకుండా మొదలైనట్టు ఉంటుంది.

ఫాంటు అడిగారు. అనూ ఫాంట్లలో ఇవ్వవద్దు, అవి యూనికోడ్ కావు. మీ ఫైలు వేరే కంప్యూటర్‌లో తెరిస్తే ఏవో గుర్తుల కుప్ప కనిపిస్తుంది. పాఠానికి నోటో సెరిఫ్ తెలుగు గానీ టీరో తెలుగు గానీ బాగుంటాయి. రెండూ ఉచితంగానే దొరుకుతాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు రూపొందించిన పోతన కూడా మంచిదే, నాకు దాని మీద పాత అభిమానం. శీర్షికకు బరువు కావాలంటే సిలికానాంధ్ర విడుదల చేసిన వాటిలో రామభద్ర చూడండి. ఆ వరసలోనే పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ కూడా ఉన్నారు; ఫాంట్ల మెనూ తెరిస్తే భువన విజయం కొలువు తీరినట్టు ఉంటుంది. వాళ్లందరినీ ఒకే పేజీ మీదికి మాత్రం పిలవకండి. శీర్షికకు ఒకటి, పాఠానికి ఒకటి చాలు.

‘ఇన్‌డిజైన్’లో చేస్తుంటే ముందుగా పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోండి. లేకపోతే ఒత్తు ఒత్తుగా రాక, పొల్లుతో విడిపోయి పక్కన నిలబడుతుంది. రెండు వైపులా సమంగా జస్టిఫై చేయకండి. మన మాటలు పొడవైనవి, వరుస నడుమ ఎడాలు గండ్లు పడతాయి. ఎడమవైపు మాత్రమే సమంగా ఉంచితే చాలు. లీడింగ్ నిర్ణయించే ముందు ‘స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, కృష్ణ, కీర్తి’ అన్న మాటలను ఒకదాని కింద ఒకటి వచ్చేలా రెండు మూడు వరుసలు కొట్టి, అచ్చు తీసి, తగులుతున్నాయేమో చూడండి. తెర మీద చూసి ఊరుకోకండి, నాలాగా అవుతుంది.

జ్యూరీకి రెండు రోజుల ముందు ఆ పేజీలు ఇంటికి తీసుకుపోయి నాన్నగారి చేత ప్రూఫు దిద్దించండి. ఎర్ర పెన్ను ఆయన చేతికే ఇవ్వండి.